లోపలికి రానివ్వద్దు

గడ్డం సగం గీసి, బార్బరు కత్తిని పేకాట క్లబ్బు యజమాని గొంతు మీద ఆపేశాడు.

"ఏంట్రా, ఆపావ్?" కళ్ళు మూసుకునే అడిగాడు యజమాని.

"కదలకు. కదిలావంటే తెగేది గడ్డం కాదు."

వారం వారం ఈ కుర్చీలో గురకపెట్టి నిద్రపోయే మనిషి. బార్బరు నోట 'మీరు' తప్ప మరో మాట విని ఎరగడు. ఆ 'కదలకు' చెవిన పడగానే కళ్ళు తెరిచి, మోచేత్తో వెనక్కి ఒక్కటిచ్చాడు. బార్బరు పక్కటెముకలు కలుక్కుమన్నాయి. అయినా పట్టు వదల్లేదు. జుట్టు దొరకబుచ్చుకుని తల వెనక్కి గుంజి, నీళ్ళు చిమ్మే సీసాతో ముక్కు మీద రెండు వేసి, కత్తిని మళ్ళీ గొంతుకి ఆనించాడు. యజమాని కాళ్ళు తన్నుకుంటే ఎదురుగా ఉన్న నిలువుటద్దం భళ్ళున పగిలింది. ముక్కులోంచి కారిన రక్తం నురగలో కలిసి గడ్డమంతా ఎర్రబడింది.

క్లబ్బు సరిగ్గా సెలూను పైనే. ఆ చప్పుడుకి మధ్యాహ్నం ఆటలో ఉన్నవాళ్ళు పేకముక్కలు చేత్తో పట్టుకునే కిందికి దూకారు. ముక్కలు మాత్రం ఎవడూ కింద పెట్టలేదు, పక్కవాడు చూస్తాడని. సెలూను గాజు తలుపుకి లోపలి గడియ వేసి ఉంది. తోశారు, తన్నారు.

"ఇంకో దెబ్బ పడిందా, ఈయన తల మీకు పళ్ళెంలో పెట్టిస్తా!" అరిచాడు బార్బరు.

అందరూ అడుగు వెనక్కి వేశారు.

"ఒరేయ్, ఎంత పోయిందో చెప్పు. మొత్తం ఇచ్చేస్తాను," అన్నాడు యజమాని, ముక్కుతో ఎగపీలుస్తూ.

"నీ డబ్బెవడిక్కావాలి?"

"మరేం కావాల్రా బాబూ?"

"నన్నింక లోపలికి రానివ్వకు."

యజమానికి తల తిరిగిపోయింది. "ఓరి నీ దుంపతెగ! నిన్నెవడు రమ్మన్నాడ్రా? రాకుండా ఉండటం నీ చేతిలో పనే కదా!"

"నా చేతిలో పనే అయితే, చేతిలో ఈ కత్తెందుకు?"

కత్తి ఇంకాస్త నొక్కాడు. గొంతు మీద సన్నటి గీత తేలి, దాని వెంబడే చుక్కలు జారాయి.

"పొద్దున ఇదే కుర్చీలో కూర్చోబెట్టి నా కూతురికి జుట్టు కత్తిరిస్తున్నా. పైన నీ క్లబ్బులో ఎవడో ఆట కొట్టి 'షో' అని కేకేశాడు. నా చూపు పైకి పోయింది. కత్తెర దాని చెవి మీదికి పోయింది. ఆరు కుట్లు పడ్డాయి. ఏడేళ్ళ పిల్ల. ఏడవను కూడా లేదు. చెవి పట్టుకుని, వేళ్ళ సందుల్లోంచి రక్తం కారుతుంటే, 'పైన ఎవరు గెలిచారు నాన్నా?' అనడిగింది. ఏం చెప్పమంటావు దానికి? చెప్పు! ఏం చెప్పమంటావు?"

ఒక్కో మాటకీ ఆ తలని కుర్చీ వీపుకేసి కొట్టాడు.

"చెప్తా, చెప్తా! నీ ముందే చెప్తా!" యజమాని నెత్తుటి వేళ్ళతో తడుముకుంటూ ఫోన్ తీశాడు. పైన తలుపు దగ్గరుండే కాపలా మనిషికి కలిపాడు. "ఈ సెలూనతన్ని ఇక గడప తొక్కనిచ్చావో, నీ ఉద్యోగం ఊడినట్టే. కాళ్ళ మీద పడ్డా రానివ్వద్దు. నేను చెప్పినా సరే రానివ్వద్దు!"

బార్బరు బావురుమన్నాడు. భార్య బతిమాలింది, తోడబుట్టినవాళ్ళు తిట్టారు, ఇక పేక ముట్టనని తనే తన పిల్ల మీద ఎన్ని ఒట్లు వేశాడో లెక్కలేదు. ఇన్నాళ్ళకి ఆ తలుపు మూసుకుంది. ఇక పిల్ల మొహం చూడగలడు. జైలుకి పంపితే పంపనీ. వెక్కి వెక్కి ఏడుస్తూ జుట్టు వదిలేశాడు. కత్తి గొంతు మీంచి జానెడు దూరం జరిగింది. యజమాని గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

తలుపు సందులోంచి బయటి మాటలు వినపడుతున్నాయి.

"చూశావా, ఏడుస్తున్నాడు. కొయ్యడు. కావాలంటే వెయ్యి పందెం."

"నాదీ కొయ్యడు మీదే. రెండు వేలు."

"అందరూ అటే కాస్తే ఆటేముందిరా? కోస్తాడన్నవాడికి ఒకటికి పది ఇస్తా. ఎవరైనా ఉన్నారా?"

లోపల వెక్కిళ్ళు ఆగిపోయాయి. బార్బరు భుజంతో చెంపలు తుడుచుకున్నాడు. కత్తి మళ్ళీ వచ్చి గొంతు మీద ఇందాకటి గీతలోనే కూర్చుంది.

"ఒరేయ్, ఫోన్ చేశాను కదరా... నువ్వన్నట్టే చెప్పాను కదరా..." యజమాని గొంతు కీచుమంది.

బార్బరు అతని వైపు చూడనైనా లేదు. తలుపుకేసి తిరిగి కేకేశాడు.

"కోస్తాడు మీద నాది వెయ్యి!"