పేక దిక్కు

"ఓ చెల్లె! ఏం పోగొట్టుకున్నవ్?"

భాగీరథి ఉలిక్కిపడి తలెత్తింది.

సూరత్‌లో, కతార్గాంలోని డచ్చి దొరల సమాధుల గేటు పక్కన, మోకాళ్ళ మీద కూచుని ఆమె గడ్డి కెలుకుతోంది. ఎదురుగా ముప్పై అయిదేళ్ళ మనిషి. మాస్కు గడ్డం కింద వేలాడుతోంది. గుండు మీద వెంట్రుకలు ఇంకా పొట్టిగానే ఉన్నాయి.

"ముందుగాల మాస్కు మీదికి గుంజుకో. జర దూరం నిలవడు."

అతను బుద్ధిగా మాస్కు లాక్కుని వెనక్కి జరిగాడు.

"నేను తెలుగుదాన్నని ఎట్ల తెలిసింది?"

"చేతుల కాయితం తెలుగుల ఉన్నది గద."

"గుండేంది? వేములవాడ రాజన్నకు ఇచ్చినవా?"

"గట్లనే అనుకో."

మొండి ఘటం, కదిలేలా లేడు. భాగీరథికి విసుగొచ్చింది. ఈ పని ఆమెకు ఒంటరిగా చేసుకోవాలని ఉంది.

ఈ వెతుకులాట తండ్రి సోమలింగం అంటించిన పిచ్చి. ఇదే ఊళ్ళోని ఉధ్నాలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే మనిషి. సెలవు దొరికితే చాలు, కూతుర్ని వెంటేసుకుని ఊరు చూడ్డానికి బయల్దేరేవాడు. కిల్లా, డూమస్ సముద్రం, గోపీ తలావ్. చూసిన చోటల్లా ఒక డబ్బా దాచేవాడు. అందులో పాత హవాయి చెప్పు కోసి చెక్కిన, ముద్ర వేసే ఠప్పా, ఒక చిన్న పుస్తకం. ఆయన కాగితం మీద రాసిచ్చే ఆనవాలు చదివి డబ్బా కనిపెట్టినవాళ్ళు దాని ఠప్పా తమ పుస్తకంలో కొట్టుకుని, తమ ఠప్పా డబ్బాలోని పుస్తకంలో కొట్టి, మళ్ళీ అక్కడే దాచాలి. దేశాలు తిరిగేవాళ్ళు దీన్ని లెటర్‌బాక్సింగ్ అంటారట. సోమలింగానికి మాత్రం అది డబ్బాలాట.

ఆఖరి డబ్బా ఇక్కడ దాచి, ఆనవాలు రాసి కూతురి చేతికిచ్చాడు. ఆమె వెతికేలోపే కరోనా రెండో వేవ్ వచ్చిపడింది. ఏప్రిల్‌లో సోమలింగం పోయాడు. జూన్‌లో గేట్లు తెరిచాక ఇదిగో, ఇప్పటికి రాగలిగింది. ఆ డబ్బా దొరికితే తండ్రి ఇంకొక్కసారి పలకరించినట్టే ఆమెకు.

"ఏం రాసున్నదో జర సదువు," అన్నాడతను.

ఇక తప్పదని చదివింది. "పెద్ద గుమ్మటం తలుపుకు ఎదురుంగ నిలవడు. పేక దిక్కు పో. గోడ తాకినంక వంగు."

"మరి గేటు కాడ ఏం జేస్తున్నవ్?"

"ఆటోలోళ్ళు ఈడనే గద పేకాడేది! అంతా దేవిన. లేదు."

అతను పగలబడి నవ్వాడు.

"పేకంటే పత్తాలాటని ఎవలు సెప్పిన్రు?"

"టీవీల ఇన్న."

"మీ బాపు ఏం పని జేసెటోడు?"

"సాంచెలు నడి..."

భాగీరథి నాలుక కరుచుకుంది. మగ్గం మీద పడుగు నిలువు, పేక అడ్డం. సాంచెల చప్పుడులో పెరిగి కూడా తండ్రి మాట టీవీ చెవితో విన్నందుకు సిగ్గేసింది.

పరుగెత్తి గుమ్మటం తలుపుకు ఎదురుగా నిలబడింది. అడ్డంగా నడిచింది. గోడ తగిలింది. వంగి ఎండాకులు తోసేసరికి, డబ్బా!

ఠప్పా మీద, పేక నూలును అటూ ఇటూ తీసుకెళ్ళే నాడె బొమ్మ. దాన్ని గుండెకు హత్తుకుని బావురుమంది.

"బాపు మొఖం గూడ సూడలె అన్నా. నాకు, నన్ను గన్న అవ్వకు గూడ కరోనానే. ఇంట్ల బందున్నం. ఆస్పత్రోళ్ళే కాటికి తీస్కపోయిన్రు. దిక్కులేనోని లెక్క కాలిండని అవ్వ అన్నం ముందల కూసుండి ఏడుస్తది."

"దిక్కులేనోడు గాదు, చెల్లె."

"నీకేం ఎర్క?"

అతను ఏదో చెప్పబోయి మానేశాడు. మెల్లగా అరచెయ్యి చాపాడు.

"నా దగ్గర పుస్తకం లేదు. ఈడ ఒక్క ఠప్పా కొడ్తవా?"

"చేతికా? వద్దు వద్దు! నువ్వెవలో ఏమో. అంటుకుంటది."

"సరే తియ్. పైలం, చెల్లె."

చెయ్యి వెనక్కి తీసుకుని నవ్వుతూనే వెళ్ళిపోయాడు.

ఆ చాచిన చెయ్యి వారమంతా భాగీరథిని వదల్లేదు. డబ్బా దొరికేలా చేసిన మనిషికి ఒక్క ఠప్పా కొట్టలేదు, కనీసం పేరైనా అడగలేదని తనను తానే తిట్టుకుంది.

మళ్ళీ ఆదివారం తల్లి చేత సర్వపిండి చేయించుకుని, ఇంటికి తీసుకెళ్ళిన నాడె ఠప్పా, సిరా దిండు పట్టుకుని వచ్చింది. అతను లేడు.

గేటు దగ్గరి గుజరాతీ వాచ్‌మన్ ఆమెను చూసి హిందీలో పలకరించాడు.

"మీ అన్న కోసమా? పొద్దుటి రైలుకు ఊరెళ్ళిపోయాడమ్మా. మిల్లులో పని పోయిందట."

"నాకు అన్న లేడు."

వాచ్‌మన్ తల అడ్డంగా ఊపాడు.

"ఆసుపత్రిలో మీ నాన్న పక్క మంచం అతనిదేనట. నా బిడ్డ డబ్బా వెతుక్కుంటూ తప్పక వస్తుందని ఆయన చెప్పాడట. గేట్లు తెరిచినప్పటి నుంచి ప్రతి ఆదివారం వచ్చి నీకోసం కాచుకున్నాడు. నీకో మాట చెప్పాలనేవాడు. తీరా నువ్వు ఏడుస్తుంటే నోరు పెగల్లేదట."

"ఏం మాట?" అంది భాగీరథి.

"మీ నాన్న పోయిన రోజే, నయమైందని అతన్ని ఇంటికి పంపారట. ఇంటికి పోకుండా శవం వెంట శ్మశానానికి వెళ్ళి, అక్కడ మీ నాన్న తాలూకు ఎవరని పిలిస్తే, కొడుకును నేనేనని ముందుకొచ్చి తలకొరివి పెట్టింది అతనేనమ్మా."