వంతెన మధ్యలో

“ఫోన్లన్నీ ఇందులో వెయ్యండి. లేదంటే ఈ ఆట ఇవాళ్టితో సరి” అంటూ దర్జీ ఖాళీ బిస్కెట్ల డబ్బా ఒకటి బల్ల మీద పెట్టాడు.

ఆటంటే పాచికలతో ఆడే కథ. కథ దర్జీ చెబుతాడు, అందులో మనుషులుగా మిగతా ముగ్గురూ ఆడతారు. ఏం చెయ్యాలో వాళ్ళిష్టం, చేసింది నెగ్గుతుందో లేదో పాచిక ఇష్టం. వారమంతా మిషను తొక్కుతూ అల్లుకున్న కథను ఆదివారం మధ్యాహ్నం తీరా మొదలుపెడితే, వినాల్సినవాళ్ళు ఫోన్లలో తలలు దూర్చి కూర్చుంటున్నారు. ఎవరికైనా ఒళ్ళు మండదూ?

బస్సు డ్రైవరు నవ్వుతూ తన ఫోను డబ్బాలో పడేశాడు. లెక్కల టీచరు స్విచ్చాఫ్ చేసి మరీ వేసింది. దర్జీ అక్క మాత్రం ఇవ్వనంది. ఆమె ఆస్పత్రిలో నర్సు. వారం వారం ఫోను ఒళ్ళో పెట్టుకుని నిమిషానికోసారి దానికేసి చూసేది ఆమే. డ్యూటీ ఫోనంది, బతిమాలింది. ఇవాళ నీకు సెలవే కదా అని దర్జీ దాన్ని లాక్కుని, డబ్బాలో వేసి మూత బిగించాడు.

పోయిన వారం తాళ్ళ వంతెన మధ్యలో ఆగిన కథ మళ్ళీ మొదలైంది. కింద లోయ, వెనక దొంగలు. డ్రైవరు కుర్చీ అంచుకు జరిగాడు. టీచరు గోళ్ళు కొరుకుతోంది. ఇన్నాళ్ళకు దారిలో పడ్డారని దర్జీకి ప్రాణం లేచొచ్చింది. ఒక తాడు తెగింది. రెండోది పురి విడుతోంది.

“అక్కా, పాచిక నీదే.”

అక్క డబ్బాకేసి చూస్తోంది.

దర్జీకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సొంత అక్కకే పట్టని కథ ఇంకెవరిక్కావాలి? బట్టలు కత్తిరించే కాగితం మీద గీసిన ఆట పటాన్ని గబగబా చుట్టేశాడు. ఇక జన్మలో ఆడనన్నాడు. డ్రైవరు ఎంత చెప్పినా వినలేదు.

“అది కాదురా. కొత్తవాళ్ళు వింటున్నారంటే నీకు నోరు పెగలదు. అందుకే నీకు చెప్పలేదు” అంటూ అక్క డబ్బా మూత తీసి, ఫోను స్పీకరు నొక్కింది.

అందులోంచి ఓ ముసలి గొంతు గట్టిగా వినిపించింది. “ఏమ్మా నర్సమ్మా, ఇందాకట్నుంచీ ఒక్క ముక్కా వినపడట్లేదు. వంతెన తెగిందా లేదా? ఇక్కడ వార్డులో ఒక్కరూ మాత్ర మింగట్లేదు.”