ఆఖరున వచ్చేవాడు

"ఏటి బావా, ఈసారీ నువ్వే ఆఖరా?"

అప్పలరాజు అలా అడిగేసరికి బెల్లం మార్కెట్లో కలాసీలంతా నవ్వారు. సన్యాసిరావు కూడా నవ్వాడు. భుజం మీది బెల్లం దిమ్మని మెల్లగా దించి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. యాభై నాలుగేళ్ల మనిషి. ఎడమ మోకాలు ఎప్పుడో మొరాయించింది. ఇలాంటివాడికి మారథాన్ పిచ్చి ఎందుకు పట్టిందో ఆ మార్కెట్లో ఎవరికీ అంతుపట్టలేదు.

నిరుడు అనకాపల్లిలో రన్నర్ల క్లబ్బు ఒకటి పెట్టారు. ఏడాది చివర ఫుల్ మారథాన్. నలభై రెండు కిలోమీటర్లు. కొత్తవాళ్లు ముందు ఐదు, తరవాత పది, ఆ తరవాత ఇరవై ఒకటి పరిగెత్తాలి. ఆ ఇరవై ఒకటి మూడున్నర గంటల్లో ముగిస్తేనే ఫుల్‌కి నంబరు ఇస్తారు.

ఆ నంబరు ఒక్కటే కావాలి సన్యాసిరావుకి. మెడల్ వద్దు, ఫొటో వద్దు.

ఐదు కిలోమీటర్లలో ఆఖరున వచ్చాడు. అతని వెనక మనిషన్నవాడు లేడు, అంబులెన్సు తప్ప. ఊళ్లో ఓ ప్రైవేటు ఆసుపత్రి ప్రతి రేసుకీ ఆ బండిని పంపుతుంది. ఆఖరి మనిషి వెనకాలే నత్తలా నడవడం దాని పని.

"పెద్దాయనా, కుంటుతున్నావు. ఎక్కేయరాదా?" అని డ్రైవరు కేకేసేవాడు.

సన్యాసిరావు వెనక్కి తిరక్కుండానే వద్దని చెయ్యి ఊపేవాడు.

పది కిలోమీటర్లప్పుడు మోహిత్ అని బ్యాంకులో పనిచేసే లావుపాటి కుర్రాడు ఇతనికన్నా వెనకబడ్డాడు. రోడ్డు పక్కన చూస్తున్న అప్పలరాజు ఈల వేశాడు.

"బావా, గండం గడిసింది! నీ ఎనకాల ఇంకోడున్నాడు!"

సన్యాసిరావు వెనువెంటనే కూర్చుని బూటు తాడు విప్పి కట్టుకున్నాడు. లేచాడు. మళ్లీ కూర్చుని రెండో బూటుది కట్టుకున్నాడు. మోహిత్ రొప్పుకుంటూ దాటిపోయాడు. అప్పలరాజు తల పట్టుకున్నాడు.

ఇంటికొస్తే భార్య అప్పలకొండమ్మ అడిగేది ఒకటే.

"ఎంతసేపు పట్టింది?"

"గంటా నలభై అయిదు నిమిసాలు."

"పోయినసారి ఏభయ్యే. నయమే." ఆవిడ వేడినీళ్లు కాచి మోకాలికి కాపడం పెట్టింది. "మరి ఆ పెద్దదానికో?"

"ఆరు గంటలు దాటతాది."

"ఆరు గంటలే!"

ఆ పూట కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోయింది.

మొగుడికి ఎంత ఆలస్యమైతే అంత సంతోషించే ఆడదాన్ని ఈవిణ్ణే చూశామని పక్కింటివాళ్లు చెప్పుకున్నారు.

ఇరవై ఒక్క కిలోమీటర్ల రోజు రానే వచ్చింది. తెల్లారుతూనే సన్యాసిరావు నూకాలమ్మ గుడికి వెళ్లాడు. పూజారి హారతి పళ్లెం చాపితే, ఎప్పటిలాగే కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని ఎడమచేత్తో కళ్లకద్దుకున్నాడు. తల్లి మనం వేసే ఒట్లన్నీ వింటుందంటారు. కోపంలో వేసినది కూడా పట్టుకు కూర్చుంటుందా? పూజారిని అడగాలనుకుంటాడు. అడగడు.

శారద వంతెన దాటేసరికే అతను ఆఖరివాడు. కశింకోట దగ్గర క్లబ్బు కుర్రాడొకడు పరిగెత్తుకొచ్చి ఓఆర్ఎస్ డబ్బా చేతిలో పెట్టాడు. "అంబులెన్సులోంచి ఇచ్చారండి. తాగాల్సిందేనన్నారు."

సన్యాసిరావు చుక్క మిగల్చకుండా తాగాడు. ఖాళీ డబ్బాని నలిపి పారెయ్యకుండా జేబులో పెట్టుకున్నాడు.

పదహారో కిలోమీటరు దగ్గర ముందెవరో పడిపోయారు. అంబులెన్సు హారన్ కొట్టుకుంటూ వచ్చింది. అది దాటేలోపే సన్యాసిరావు చెరుకు చేను వైపు తిరిగి కళ్లు మూసుకున్నాడు. పడినవాడికి కట్టు కట్టి, ఆ బండి తిరిగి తన వెనక్కి చేరేదాకా అక్కడే నిలబడిపోయాడు. పది నిమిషాలు పోయాయి.

ఆ తరవాత పరిగెత్తాడు. మోకాల్లో సూదులు గుచ్చినట్టుంది. అయినా పరిగెత్తాడు.

స్టేడియంలో క్లబ్బు సెక్రటరీ ధనరాజ్ ఎదురొచ్చి కావలించుకున్నాడు.

"మూడు గంటల ఇరవయ్యెనిమిది! పాసైపోయావు బాబాయ్!" ఫుల్ మారథాన్ నంబరు తీసి చేతిలో పెట్టాడు. "ఇంకో మంచి మాట సెప్తాను, ఇను. ఫుల్‌లో నిన్ను తరుముకుంటా ఎనకాల అంబులెన్సు రాదు. అయిదేసి కిలోమీటర్లకి ఒకటి రోడ్డు పక్కన ఆపేత్తాం. ఎనకాల ఉత్త జీపు వత్తాది. ఆ హారన్ గోల తప్పింది నీకు."

"ఎనకాల రాదా?"

"రాదు."

"ఆ రోడ్డు పక్కనుండేవి... నేను వాటి ముందునుంచే పోవాలా?"

"మరింకెలా పోతావు?" ధనరాజ్ నవ్వాడు.

సన్యాసిరావు ఆ నంబరు కాగితాన్ని కాసేపు చూశాడు. మడత పడకుండా తెచ్చి టేబుల్ మీద పెట్టేశాడు.

"ఒద్దు బాబూ. ఇంక నేను పరిగెట్టను."

"ఇదేటి బాబాయ్! ఏడాది కష్టం!"

అంబులెన్సు గేటు వైపు మళ్లింది. అది వెళ్లిపోయేదాకా సన్యాసిరావు గోడకేసి నిలబడి, జేబులోని ఖాళీ డబ్బాని తడుముకుంటూ ఉండిపోయాడు.

రూఫస్‌ని పెళ్లాడినందుకు, ఈ జన్మలో ఇక నీ మొహం చూడనని నూకాలమ్మ ముందు అరచేత్తో కర్పూరం ఆర్పి ఒట్టేసి ఆరేళ్ల కిందట అతను గుమ్మం దాటించిన కూతురు పావని, ఆ అంబులెన్సులో నర్సు.