ఐదో సర్వరు

రాత్రి ఆసుపత్రి కంప్యూటరు గదిలో ఆపరేటరు ఒక్కతే ఉంది. కంప్యూటరుకు సరైన టైము చెప్పడానికి ఆ రోజే నాలుగు సర్వర్లను ఎంచి పెట్టింది. ఇప్పుడు రెండు ఒక టైము, రెండు మరో టైము చూపిస్తున్నాయి. సరిసంఖ్యలో పెట్టడమే ఆమె చేసిన పొరపాటు.

వార్డు నుంచి నర్సు ఫోను చేసింది.

"అక్కా, పసిబిడ్డకి మందు పడాలి. టైము తేలందే ఈ మిషను కదలనంటోంది."

"ఉండు తల్లీ. నలుగురు సాక్షులు, ఇద్దరిద్దరు చెరో మాట."

అంతలో తెరమీద ఐదో సర్వరు కనిపించింది. దాన్ని ఆమె చేర్చలేదు. అది ఒక జంటతో ఏకీభవించింది.

"కదిలిందక్కా. నా వాచీతోనూ సరిపోయింది. బతికించావు."

ఆమె హమ్మయ్య అని ఊపిరి వదిలింది. పక్కనే ఇంకెవరో కూడా వదిలారు.

తల తిప్పకుండా, కుర్చీ కాస్త జరిపి చోటిచ్చింది.