పదవి పోయినవారు

కంబం చీల్చుకొని వెలువడి, కన్నుమిన్ను గానని ఏలికను కూల్చి, ఆ గద్దె మీద తానే కొలువుదీరిన పెంచలకోన నరసింహస్వామికి మొక్కి కథలోకి పోదాం.

రాష్ట్ర ప్రభుత్వాన్ని రద్దు చేసి కేంద్రం రాష్ట్రపతి పాలన విధించింది. ఆ మరుసటి వారమే, మొన్నటిదాకా మంత్రిగా వెలిగిన చంద్రమౌళి జువ్వలదిన్నె దాటి, సముద్రపు ఒడ్డునున్న ఒక చిన్న ఊరికి వచ్చాడు. అంతకుముందు ఆ దారిలో ఆయన కారు అద్దం కూడా దిగేది కాదు.

మర్నాడు నెల్లూరులో ధర్నా. తీరగ్రామాలు కదిలిరాకపోతే పార్టీ పెద్దల ముందు ఆయనకు ముఖం చెల్లదు. వచ్చే ఎన్నికల్లో టికెట్టూ దక్కదు. ఈ ఊరు ఎవరి మాట వింటుందని అడిగితే అందరూ కామమ్మ పేరే చెప్పారు.

కామమ్మ ఇసుక మీద వల పరిచి నెత్తళ్లు ఎండబెడుతోంది. చంద్రమౌళి జేబురుమాలుతో ముక్కు మూసుకున్నాడు. ఆ చేపల మధ్యే పుట్టిపెరిగిన కామమ్మ ఆయన అత్తరు వాసన తగలకుండా గాలికి ఎదురుగా జరిగి నిలబడింది.

"ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వమమ్మా! ఒక్క ఉత్తర్వుతో ఇంటికి పంపేశారు. వాళ్లకేం హక్కుంది?"

"ఏం తప్పు చేసినారంట?"

"పాలన చెడిపోయిందని ఎవరో పైకి రిపోర్టు రాశారట!"

"ఆ రిపోర్టు మీకు చూపించినారా అన్నా?"

"చూపించడమా! సంజాయిషీ కూడా అడగలేదు."

"అడగర్లే. ఇప్పుడు మీ కుర్చీలో ఎవురుండారు?"

"ఎవడో అధికారి. ఈ నేల మొహమెరగడు. కష్టం చెప్పుకుందామని పోతే గుమ్మంలోనే నిలబెడతాడు."

"నిలబెడతాడు. కుళాయిలో నీళ్లు రాలేదయ్యా అంటే, 'నేను నాలుగు నాళ్లు ఉండిపోయేవాణ్ని, నన్నడిగితే ఎట్లా' అంటాడు."

"అదే నేను చెప్పేది!"

దారి చూపడానికి వెంట వచ్చిన అనుచరుడు నరసయ్య గొంతు సవరించుకున్నాడు. "ఎండెక్కతా ఉండాది సార్. పక్కూరికి పోదాం రండి."

చంద్రమౌళి వినిపించుకోలేదు. "కోర్టుకెక్కి తేల్చుకుంటామమ్మా!"

"ఎక్కండన్నా. తీర్పు వచ్చేలోపల మీ ఐదేండ్లూ అయిపోతాయి. వకీలు మాత్రం మిద్దె కట్టుకుంటాడు."

ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. ఆ కన్నీరు నటన కాదు, నిజమైనదే. అది నిజమైనది కావడమే కామమ్మకు మరింత రోత పుట్టించింది. చేపల మీద వాలబోయిన కాకిని విసురుగా అదిలించింది.

"ప్రజలు కూర్చోబెట్టినవాణ్ని దించితే ప్రజలే దించాలి. ఇది ధర్మమా, కాదా?"

"ధర్మమే."

"అయితే రేపు ఊరంతటినీ తీసుకొస్తావా?"

కామమ్మ వంగి నెత్తళ్లను తిరగేయసాగింది.

చేపలమ్మే మనిషికి ఇంత బెట్టా అనుకున్నాడు చంద్రమౌళి. "నీతో కాదులే. మీ సర్పంచి ఎక్కడ? పిలిపించు, ఆయనతోనే మాట్లాడతాను."

నరసయ్య తల దించుకున్నాడు.

కామమ్మ నడుము నిటారుగా చేసుకొని, తొలిసారి ఆయన ముఖంలోకి చూసింది.

"సర్పంచిని నేనే అన్నా, పోయినేడు ఎవురో రిపోర్టు రాసినారని మీరు సంతకం పెట్టి, మా పంచాయతీని రద్దు చేసి ఆఫీసరును కూర్చోబెట్టిందాకా."

విన్నవారికందరికీ ఆ నరసింహుడు ఆయువుతో పాటు జ్ఞాపకశక్తినీ ప్రసాదించుగాక!