నల్లరెక్క

ఆ స్టూడియోలో తాడు పట్టే మనిషి ఒకడుండేవాడు. కళ్ళంటే అతనివే కళ్ళు. అరవై అడుగుల ఎత్తున గోడమీద చీమ పాకుతుంటే, అది ఏ కాలు కుంటుతోందో కింద నిలబడి చెప్పేవాడు. ఇందులో ఆవగింజంత అబద్ధం ఉన్నా నా మీసం తీసేస్తాను.

ఆ రోజు గొడవ మాత్రం కళ్ళ దగ్గర కాదు, రంగు దగ్గర మొదలైంది.

"దీన్ని నలుపు చెయ్యమ్మా," అన్నాడు డైరెక్టరు, ఎర్రగుడ్డని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని.

ఆకాశంలో ఎగిరే వీరుడి వీపున కట్టే గుడ్డ అది. అక్కడివాళ్ళంతా రెక్క అంటారు. మొదటి రెండు సినిమాలకీ దాన్ని కుట్టింది తాడుమనిషి భార్యే. ఈ మూడో సినిమా కొత్త డైరెక్టరు చేతికొచ్చింది. పాత వీరుడు బుడగలమ్మేవాడిలా ఉండేవాడని, పిల్లలు తప్ప ఎవరూ కన్నీరు పెట్టలేదని అతని బాధ. ఈసారి వీరుడికి తల్లి పోయింది, ఊరు బూడిదైంది. ఇక సినిమా అంతా చీకటి, వాన.

"శవం లేచిన ఇంటి గుమ్మానికి రంగుకాగితాలు కడతామా?" అన్నాడు.

"కట్టం బాబూ. కానీ ఆ చీకట్లో, ఆ వానలో, నల్లగుడ్డతో మా తమ్ముడు పైనుంచి దూకితే కింద తాడు పట్టినవాడికి ఏం కనిపిస్తుంది?" అంది ఆమె.

వీరుడికి డూప్ ఆమె తమ్ముడే. మేడ సెట్టు మీదనుంచి వాడు దూకాలి. మూడో అంతస్తు కిటికీ దాటగానే కింద ఆమె భర్త బ్రేకు వెయ్యాలి. ముందు వేస్తే పడినట్టుండదు, ఆలస్యంగా వేస్తే లేచేది ఉండదు.

"పట్టేది మీ ఆయనేగా. చీమ కాలు చూసేవాడికి ఆరడుగుల మనిషి కనిపించడా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె రెక్కని తీసుకెళ్ళి రంగుతొట్టిలో ముంచింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర తమ్ముణ్ణి పక్కకి పిలిచి, కాలు బెణికిందని చెప్పి తప్పుకోమంది. వాడు నవ్వాడు. బావ చేతిలో తాడుంటే తనకి నేలమీదకంటే గాల్లోనే ధైర్యమన్నాడు. ఆ బావ అక్కడే ఉన్నాడు. వంద క్యారియర్ల మధ్య నుంచి ఎర్రపీలిక కట్టిన తన క్యారియర్ తీసుకుని, పక్కవాళ్ళకి చీమ కథ చెబుతూ తింటున్నాడు. ఆమె వెళ్ళి, ఈ ఒక్కసారికి తాడు ఇంకొకరికి ఇవ్వమంది.

అతను కథ ఆపాడు. క్యారియర్ మూత నెమ్మదిగా బిగించాడు.

"ఇవాళ ఇస్తే మళ్ళీ నా చేతికి రాదే," అన్నాడు.

ఆమె అన్నం ముట్టకుండా కుట్టుగదికి వెళ్ళి గడియ పెట్టుకుంది. రంగు వేసిన రెక్క ఆరి, కాకిరెక్కలా వేలాడుతోంది. పెట్టె అడుగున పాత సినిమాది ఇంకొకటి ఉంది, మందారంలా ఎర్రగా. దాన్ని నల్లదాని లోపలివైపు పరిచి కుట్టడం మొదలుపెట్టింది. ఆ తొందరలో రెండు సూదులు విరిగాయి. మనిషి నిలబడితే నలుపే కనిపిస్తుంది. పడేటప్పుడు గాలికి తిరగబడితేనే ఎరుపు బయటికొస్తుంది. తెలిస్తే తన ఉద్యోగం పోతుంది. పోనీ అనుకుంది.

సెట్టు చుట్టూ నల్లతెరలు దించారు. వానపైపులు తిప్పారు. పైన మనిషున్నాడో లేడో కూడా తెలియడం లేదు. డైరెక్టరు మానిటర్లో చూసి, దుఃఖమంటే ఇదీ అన్నాడు.

తమ్ముడు దూకాడు.

ఐదో అంతస్తు చీకట్లో కలిసిపోయింది. నాలుగోదీ అంతే. అప్పుడు గాలి రెక్కని ఎత్తి తిరగేసింది. అంత నలుపులో ఒక్క ఎర్రమంట. అది మూడో అంతస్తు కిటికీ దాటింది. బ్రేకు కీచుమంది. నేలకి జానెడు ఎత్తున వాడు ఆగి, బావిలో చేదలా ఊగాడు.

ఆమె డైరెక్టరు ముందుకెళ్ళి నిలబడింది.

"నేనే కుట్టాను బాబూ. ఎవర్నీ ఏమీ అనకండి."

డైరెక్టరు మానిటర్ వైపు తిరిగాడు. ఆ షాట్ మూడుసార్లు తిప్పి చూసుకున్నాడు. చివరికి, తను వెతుకుతున్నది అదేనని చెప్పి ఆమెకి దణ్ణం పెట్టాడు.

సినిమా విడుదలయ్యాక పత్రికలు ఆ ఎరుపు గురించి కాలమ్‌లు నింపాయి. అది వీరుడు దిగమింగిన ఏడుపని ఒకరు, అమ్మ జ్ఞాపకమని ఇంకొకరు రాశారు. తాడుమనిషి అవేవీ చదవలేదు. ఆ షాట్ తీసిన సాయంత్రమే తాడు చుట్టి బావమరిది చేతికిచ్చి, ఇక ఆ ఫ్లోర్‌లో అడుగుపెట్టలేదు.

అన్నట్టు, మీసం సంగతి. ఈ కథలో నేను కల్పించింది ఆ చీమ ఒక్కదాన్నే, కాబట్టి రేపు పొద్దున్నే తీసేస్తాను. అప్పటికి రెండేళ్ళుగా దూరాన ఎరుపు తప్ప మరో రంగు నా కళ్ళకి ఆనేది కాదు. ఆ సంగతి మా ఆవిడకొక్కదానికే తెలుసు.