తడి గోనెసంచి

బేకరీ పని ముగించుకుని ఇంటికి రాగానే వదిన గడ్డి కోసే మిషన్ భుజాన వేసుకుంది. పక్క స్థలం వైపు చూసి పళ్లు నూరింది.

ఆ స్థలం మరిదిది. గడ్డి నడుమెత్తు పెరిగి, ఎండి గలగలమంటోంది. పోయిన వేసవిలో కొండ అవతల ఇలాంటి గడ్డే అంటుకుని ఇళ్లకు ఇళ్లే బూడిదయ్యాయి. అప్పటి నుంచీ ఆవిడకు కంటిమీద కునుకు లేదు. ఏళ్ల తరబడి పిండి పిసికి కట్టుకున్న ఇల్లు మరి. గోడను ఆనుకున్న తీగలు పీకేసింది, చూరు మీదికి వంగిన కొమ్మలు కొట్టేసింది. ఏం లాభం? నిప్పుకు సరిహద్దు గోడ ఒక లెక్కా?

మొగుడికి చెబితే "వాడంతేలే" అన్నాడు. దాంతో ఒళ్లు ఇంకా మండింది.

మరిది మాత్రం తొణకడు, బెణకడు.

"మిషన్ నాకివ్వు వదినా, రేపు తెల్లారగానే నేనే కోసేస్తా. ఈ ఎండలో మాత్రం వద్దు."

"నీకిస్తే సాయంత్రానికల్లా అమ్ముకుంటావు. ఎండట, ఎండ! నువ్వేమైనా వెన్నముద్దవా, కరిగిపోవడానికి?"

"అది కాదు వదినా, మంచు తడి ఉన్నప్పుడైతే..."

"నోర్ముయ్."

చెవులకు గుడ్డ కట్టుకుని మిషన్ స్టార్ట్ చేసింది. ఇక ఆకాశం ఊడిపడ్డా ఆవిడకు వినిపించదు.

వారంగా ఇదే తంతు. మండుటెండలో వాడి గడ్డి ఆవిడ కోయాలి. వాడేమో బకెట్ల నిండా నీళ్లు, ఒక తడి గోనెసంచి పక్కన పెట్టుకుని కూర్చుంటాడు. సంచి నెత్తిన కప్పుకోవడానికి కాబోలు, నీళ్లు కాళ్లు ముంచుకోవడానికి కాబోలు. మహారాజుకు వింజామర ఒక్కటే తక్కువ. సాయంత్రమైతే పార పట్టుకుని అక్కడక్కడా మట్టి తిరగేస్తాడు. ఎలకల కోసం వెతుకుతాడో ఏమో!

నేల కూడా వాడిలాంటిదే, అడుగుకో రాయి. బ్లేడు తగిలినప్పుడల్లా చేతులు జివ్వుమంటాయి. ఒక్కో రాయికీ ఒక్కో తిట్టు చొప్పున తిడుతూ, వెనక్కి చూడకుండా కోసుకుంటూ పోతుంది. చూస్తే వాడి మొహం చూడాల్సొస్తుంది కదా.

నిన్న ఆ గోనెసంచి ఆవిడ కంటపడింది. దాని నిండా కాలిన చిల్లులు.

"ఈ ఎండుగడ్డిలో కూర్చుని సిగరెట్ కాలుస్తున్నావా?"

"ఎప్పుడో మానేశాను వదినా."

"మరి సంచికి చిల్లులు దేవుడు పెట్టాడా?"

వాడు ఏదో చెప్పబోయాడు. ఆవిడ అప్పటికే మిషన్ స్టార్ట్ చేసేసింది.

ఈరోజు మిగిలింది తన ఇంటి పక్కన ఒక్క చార మాత్రమే. అది కూడా అయిపోవస్తుండగా పొగ వాసన గుప్పుమంది, సరిగ్గా వెనక నుంచే.

ఆవిడకు నెత్తురు మరిగిపోయింది. తాను ఇంత చాకిరీ చేసి ఇల్లు కాపాడుకుంటుంటే, వీడు నింపాదిగా దమ్ము లాగుతున్నాడా? ఇవాళ అక్కడికక్కడే పట్టుకోవాలి. ఆ సిగరెట్ వాడి నోట్లోనే ఆర్పాలి.

మిషన్ ఆపేసి గిర్రున వెనక్కి తిరిగింది.

ఆవిడ కోసుకుంటూ వచ్చిన దారి పొడుగునా, బ్లేడు రాయికి తగిలిన ప్రతిచోటా అరచేయంత నల్లటి తడి మచ్చ ఉంది, ఆఖరి మచ్చ మీద ఇంకా లేస్తున్న మంటను మరిది మోకాళ్ల మీద కూర్చుని తడి గోనెసంచితో బాదుతున్నాడు.